ముందుగాల తొవ్వ చూడు, తర్వాత బ్యాగు కొను

చెల్లె, "అక్కా, కెమెరా అయితే కొన్న, ఇగ బ్యాగు ఏది తీసుకోవాలె?" అని మొన్న అడిగినవు కదా. అది ఫోన్ల ఒడిసే ముచ్చట కాదని ఇయ్యాల నిమ్మళంగ కూసొని రాస్తున్న.

నేను మొదట చేసిన తప్పు చెప్త. కెమెరాతోని వచ్చిన ఒంటి భుజం సంచి వేసుకొని కుంటాలకు పోయిన. నేరడిగొండ కాడ కడెం వాగు దుంకే తావుకు చానా మెట్లు దిగాలె. వంగినప్పుడల్లా సంచి ముందుకు జారి మోకాళ్లకు తగిలింది. ఒక చెయ్యి గోడకు, ఇంకో చెయ్యి సంచికి. ఇగ ఫొటో తీసుడెట్ల? పైకి ఎక్కేసరికి భుజం మీద పట్టీ అచ్చు ఎర్రగ తేలింది. బ్యాగు కెమెరాకు సరిపోతే సాలదు, పోయే తొవ్వకు, మోసే ఒంటికి సరిపోవాలె అని ఆ దినం తెలిసింది.

కుంటాల, పొచ్చెర జలపాతాలు, ఎలగందుల ఖిల్లా అసొంటి ఎక్కుడు దిగుడు ఉన్న కాడికి రెండు భుజాల బ్యాగే మంచిది. ఛాతీ పట్టీ, నడుము బెల్టు ఉన్నది చూడు. బెల్టు బిగిస్తే బరువు తుంటి మీదికి దిగుతది, మెడ గుంజది. పొడుగోళ్ల కొలతకు కుట్టిన బ్యాగుల బెల్టు మనకు నడుము కిందికి జారుతది. అందుకే నీ కెమెరా, లెన్సులు, నీళ్ల సీసా దుకాణానికి పట్టుకపో. అన్ని అందుల పెట్టి, వీపుకు వేసుకొని పది నిమిషాలు నడిచినంకనే పైసలియ్యి. జిప్పు వీపు దిక్కు తెరుచుకునేదైతే జాతర గుంపుల ఎనుక నుంచి ఎవ్వరు చెయ్యి పెట్టలేరు.

కరీంనగర్ల మానేరు డ్యాం మీద పొద్దుగూకుడు తీసేందుకు అంత బ్యాగెందుకు? ఒక కెమెరా, ఒక లెన్సు పట్టే స్లింగ్ బ్యాగు సాలు. పైసలు తక్కువుంటే మెత్తటి అరల ఇన్సర్ట్ ఒక్కటి కొని నీ కాలేజీ బ్యాగుల పెట్టుకో. పైకి కెమెరా ఉన్నట్టే కనవడది.

వానకాలంల రెయిన్ కవర్ లేకుండ అడుగు బయట పెట్టకు. ఇంటికొచ్చినంక తడి బ్యాగుల కెమెరా ఉంచితే లెన్సుకు బూజు పడ్తది. సిలికా జెల్ పొట్లం వెయ్యి. నీలం గింజలు గులాబీ రంగుకు మారినయంటే తేమ పీల్చుకున్నట్టు, మార్చాలె.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోతనన్నవు. గోండులల్ల మెస్రం వంశపోళ్లు కాలినడకన తెచ్చిన గోదావరి నీళ్లతోని అభిషేకం జరిగే రాత్రి అది. ఆదిలాబాద్ సలి నీకు తెలుసు. సలిల తిరిగొచ్చి వెచ్చటి గదిల కెమెరా తీసినవంటే అద్దం మీద చెమ్మ కమ్ముతది. జిప్పు తియ్యకుండ ఒక గంట బ్యాగుల్నే ఉండనియ్యి.

ఇంకో మాట. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ 1940లల్ల మార్లవాయి ఊర్ల గోండుల నడుమ కాపురమున్నరు. అప్పటి ఫొటోలు ఇప్పుడు లండన్ల సోయాస్ సంస్థల భద్రంగ ఉన్నయి. జనంతోని కూసున్నోళ్లకే అసొంటి ఫొటోలు దొరుకుతయి. పెద్ద నల్ల బ్యాగు వేసుకొని పోతే గూడెంల పిల్లలు ఎనుకకు జరుగుతరు. చిన్న సంచి పక్కన పెట్టి, వాళ్లతోని చాప మీద కూసో, ముచ్చట పెట్టు, అడిగినంకనే ఫొటో తియ్యి.

బ్యాగు సర్దినంక ఒక లెన్సు తీసి ఇంట్లనే పెట్టు. దాని జాగల ఇంకో నీళ్ల సీసా పెట్టుకో. పైలంగ పోయి రా, చెల్లె.