ఇసుకలో గెలిచిన కెర్రీ పాట్‌హార్స్ట్



ఆరుగురు కాపాడవలసిన స్థలాన్ని ఇద్దరే కాపాడగలరా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పాఠం చదవండి.

కెర్రీ పాట్‌హార్స్ట్ 1965లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో జన్మించింది. భవనం లోపల, గట్టి నేలపై, ఆరుగురు ఆడే వాలీబాల్ ఆమె మొదటి ఆట. అందులో రాణించి జాతీయ జట్టులో చేరింది. అయితే ఆ రోజులలో ఆస్ట్రేలియా మహిళల జట్టు ఒలింపిక్స్ వరకు చేరలేకపోయింది. ఇంతలో ఆమె మోకాలికి తీవ్రమైన గాయమైంది.

వాలీబాల్‌లో బంతిని కొట్టడానికి ఎగరాలి, అడ్డుకోవడానికీ ఎగరాలి. ఎగిరినంతసేపు హాయిగానే ఉంటుంది; దిగేటప్పుడు శరీర భారమంతా మోకాళ్లపై పడుతుంది. ఆ నేలపై కెర్రీ ఆట ఆగిపోయింది. అప్పుడామె ఇసుకలోకి దిగింది. ఇసుక మెత్తనిది గనుక దిగేటప్పటి అదురును తగ్గిస్తుంది. కానీ అదే ఇసుక పాదాన్ని పట్టి లాగుతుంది, పరుగెత్తనీయదు, ఎగరనీయదు. ఎన్నో ఏళ్లు ఆడిన క్రీడాకారిణి నడక నుండి మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

బీచ్ వాలీబాల్‌లో జట్టుకు ఇద్దరే. ఆ కాలంలో మైదానం మాత్రం ఆరుగురి ఆటకున్నంతే: పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. (తరువాత 16కు 8గా తగ్గించారు.) మన బడి మైదానంలో తాడుతో ఈ కొలత గీసి, ఒక సగంలో ఇద్దరు నిలబడి చూడండి. ఎంత చోటు ఖాళీగా ఉన్నదో తెలుస్తుంది!

కెర్రీకి జోడీ నాటలీ కుక్. కెర్రీ కంటే దాదాపు పదేళ్లు చిన్నది. 1996లో అట్లాంటాలో బీచ్ వాలీబాల్ మొదటిసారి ఒలింపిక్స్‌లో ప్రవేశించినప్పుడు వీరిద్దరూ కాంస్య పతకం గెలిచారు. ఆ తరువాత విడిపోయి, వేర్వేరు జోడీలతో ఆడారు. సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు మళ్లీ కలిశారు. పతకం గెలవడం కంటే ఇదే కష్టమైన పని అని నాకు తోస్తుంది. ఆరుగురిలో ఒకరితో మాట్లాడకపోయినా ఆట ఎలాగో సాగుతుంది. ఇద్దరిలో ఒకరు అలిగితే, మిగిలేది ఒక్కరే కదా!

2000 సెప్టెంబరు 25. సిడ్నీలోని బాండై తీరం. అక్కడ తాత్కాలిక క్రీడాప్రాంగణం కట్టవద్దని స్థానికులు కొందరు నిరసన తెలిపారు. అయినా కట్టారు, అది ప్రేక్షకులతో నిండిపోయింది. ఎదుట ప్రపంచ విజేతలైన బ్రెజిల్ జోడీ అడ్రియానా బెహార్, షెల్డా బెడే. అప్పటి నియమం ప్రకారం సర్వ్ చేసిన జట్టుకే పాయింటు వస్తుంది. అవతలివారు సర్వ్ చేసిన బంతిని గెలిస్తే సర్వ్ మాత్రమే చేతికి వస్తుంది. అందుచేత ఒక్కొక్క పాయింటుకు ఎంతో సమయం పట్టేది. సెట్టుకు 12 పాయింట్లు. మొదటి సెట్టులో బ్రెజిల్ 11 వరకు వచ్చింది. ఇంకొక్కటి చాలు. ఆ ఒక్కటి వారికి దక్కలేదు. ఆస్ట్రేలియా 12–11తో సెట్టు గెలిచింది. రెండవదీ అంత సులభంగా రాలేదు: 12–10.

బంగారు పతకం అందుకొనేనాటికి కెర్రీ వయస్సు 35 సంవత్సరాలు. ఆమె విడిచి వచ్చిన ఆరుగురి ఆటలో ఆస్ట్రేలియా మహిళలు తొలిసారి ఒలింపిక్స్‌లో ఆడినదీ ఆ సిడ్నీలోనే, ఆతిథ్య దేశం హోదాలో.

నాటలీ 2012 వరకు ఆడి మొత్తం ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. కెర్రీ 2004లో, 39 ఏళ్ల వయస్సులో, ఏథెన్స్ ఇసుకపై మరొకసారి నిలిచింది. ఈసారి జోడీ సమ్మర్ లోచోవిచ్. పతకం రాలేదు.