చెత్తదిబ్బయు బావినీరును



డెల్టా నేలలలో నీరు పలుచోట్ల కొద్ది లోతుననే తగులును. కావున పెనుమూడి వంటి కృష్ణాతీర గ్రామములలో చెత్తదిబ్బకు చేరువనున్న బావినీరు తేటగా నున్నంతమాత్రమున మంచిదని నమ్మరాదు. వాననీరు చెత్తగుండ దిగి, దాని మురుగును భూమిలోని నీటిలో కలుపును. హైదరాబాదు చెంత జవహర్‌నగర్ దిబ్బ మురుగు ఇట్లే మల్కారం చెరువును, చుట్టుపట్ల భూగర్భజలమును చెరచినది.

ఇట్టి బావిలో బ్లీచింగు పొడి వేసిన చాలునని కొందరందురు. అది సూక్ష్మజీవులను చంపునే కాని నైట్రేటును తీయజాలదు. కాచినను అది పోదు. నీరిగిరి మరింత చిక్కనగును. ప్రభుత్వ ప్రమాణము లీటరునకు 45 మిల్లీగ్రాములు. అంతకు మించిన నీటితో పోతపాలు కలిపినచో చంటిబిడ్డ రక్తము ప్రాణవాయువును మోయు శక్తి తగ్గి, ప్రాణాపాయము కలుగవచ్చును.

చేయవలసిన క్రమమిది: మొదట దిబ్బను తీసివేయవలెను. తీయరానిచో బంకమన్నుతో వాలుగా కప్పి, వాననీరు ప్రక్కకు పోవ కాలువ త్రవ్వవలెను. పిమ్మటనే చెడిన నీటిని తోడి శుద్ధిచేయవలెను. సముద్రము చేరువ గనుక మితిమీరి తోడినచో ఉప్పునీరు చేరవచ్చును. నీరు బాగుపడుటకు ఏండ్లు పట్టును. అంతవరకు పరీక్షలో మంచిదని తేలిన వేరు నీటినే త్రాగుడు.

దిబ్బ నుండగా బావిని కడుగుట, గండి పూడ్వక పొలములోని నీరు తోడుట వంటిది.