నాటని తోటలో తొలివేసవి

విద్యార్థులారా! తోట వేఱు, పెరడు వేఱు. తోటలో ఏ మొక్క యెచ్చట నుండవలెనో యజమాని ముందుగా నిర్ణయించును. పెరడు ఇంటివెనుక మిగిలిన నేల. అంట్లు తోమిన నీరు పాఱినచోట అరటి, రోటి ప్రక్కన కరివేప, గోడవార ఎవరును నాటని వేప, ఇట్లు అది దానంతటదే యేర్పడును. మన హోసూరు ప్రాంతమున కన్నడము మాటాడువారు దీనిని హిత్తలనియు, తమిళము మాటాడువారు కొల్లై యనియు అందురు. మూడు భాషల వారికిని ఇది నిత్యము కావలసిన చోటే. ఉగాదికి కొంచెము ముందునుండి కృత్తిక కార్తె వఱకు ఈ నేలమీద జరుగు సంగతులను ఈ పాఠమున చెప్పదలచితిని. మన యూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. అందుచేత ఇచ్చటి తొలివేసవి పల్లపు జిల్లాలలోవలె మాడ్చివేయదు. నడుమ నడుమ మామిడి జల్లులును పడుచుండును.

ముందుగా నేను చేసిన తప్పొకటి చెప్పుదును. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని ఈ యూరు చేరిన తొలియేడు, అద్దెకు దొరికిన యింటి పెరటిని శుభ్రము చేయ బూనితిని. నేలపై ఆకు కనబడుట సోమరితనమునకు గుర్తని ఆనాటి నా తలంపు. రాలిన కానుగాకులను ప్రోగుచేసి తగులబెట్టితిని. గోడవార మొలకల నెల్ల పెఱికివేసితిని. ప్రక్కయింటి ముసలమ్మ గోడమీదుగా తొంగిచూచి, "ఏందయ్యోరా, నేల కప్పుకున్న గుడ్డ లాగేస్తివే!" అనెను. నేను నవ్వి యూరకుంటిని. పదునైదు దినములలో నేల పగుళ్ళు విచ్చెను. ఉదయము పోసిన నీటికి మధ్యాహ్నమునకు జాడ లేకపోయెను. ఆమె పెరటి మల్లె విరగబూయుచుండగా నా పెరటి మల్లె మొగ్గలోనే వాడి రాలెను. పెఱికిన మొలకలలో ఒకటి శ్రీగంధపు మొక్క యనియు ఆమెయే ఆ తరువాత చెప్పినది. ఆ మాట నేటికిని నాకు గుచ్చుకొనుచునే యున్నది.

ఆమె గుడ్డ యన్నది ఆకుల పొరను. ఆ పొర యున్నంత వఱకు ఎండ నేలకు సూటిగా తగులదు, గాలి తేమను లాగుకొనిపోదు. దాని క్రింద చెదలు, రోకలిబండలు, వానపాములు ఆకును కొఱికి, నలిపి, మన్నులో కలుపుచుండును. కానుగ చిక్కుడు కుటుంబమునకు చెందిన చెట్టు. దాని యాకును రైతులు పచ్చిరొట్టగా మడిలో త్రొక్కించుట మీరెఱిగినదే. ఈ చెట్టు శివరాత్రి ప్రాంతమున ఆకు రాల్చి, ఉగాదికెల్ల నూనె పూసినట్లు మెఱయు లేతచిగురు తొడుగును. పిదప పూతకు వచ్చును. తెల్లవాఱి లేచి చూచిన నేలపై బొరుగులు చల్లినట్లుండును. కొమ్మలలో తేనెటీగల రొద. ఆ పూలను ఊడ్చి వీధిలో పాఱవేయువారిని చూచినప్పుడు నాకు వెనుకటి నేనే గుర్తుకు వత్తును.

ఇక, నాటనివారెవరును లేని మొక్క ఎట్లు వచ్చినది? గోడవార వేపమొలకను నాటినది పక్షి. నిరుడు ముంగారు నాళ్ళలో కోకిలయో కాకియో వేపపండు తిని, గోడమీద వ్రాలి, గింజను విడిచిపోయెను. శ్రీగంధపు పండ్లును కోకిలకు, పిగిలిపిట్టకు ప్రీతి. అయితే గంధపు మొక్క కథ వేఱు. అది ఒంటరిగా బాగుగా బ్రదుకజాలదు. తన వేళ్ళను ఇరుగుపొరుగు మొక్కల వేళ్ళకు తగిలించి, వానినుండి నీటిని, లవణములను కొంత గ్రహించును. అందులకే గంధపు నారుమళ్ళలో దానికి తోడుగా కంది మొదలైనవి పెంచుదురు. చుట్టునున్న వానిని "పిచ్చి మొక్కలు" అని పెఱికివేసిన, గంధపు మొక్కను ముట్టకున్నను దానికి హాని చేసినట్లే. పిచ్చిమొక్క యను మాటను నేను తరగతిలో వాడను.

అశ్వినీ కార్తె నాటికి కరివేప చిగురించును. ఆ చిగుళ్ళపై పక్షి రెట్టవంటి మచ్చ కనబడిన, వెంటనే తుడువకుడు. కొంచెముసేపు చూడుడు, అది కదలును! నిమ్మజాతి చెట్లపై గ్రుడ్లు పెట్టు సీతాకోకచిలుక యొక్క గొంగళిపురుగది. చిన్ననాడు నల్లగా తెల్లమచ్చతో నుండుటచే పక్షులు దానిని రెట్టయని విడిచిపోవును. పెరిగినపిదప ఆకుపచ్చ రంగు తాల్చి ఆకులో ఆకై పోవును. పుల్లతో తాకిన, తలవెనుకనుండి కొమ్మువంటి దానిని వెలికి చాచి ఘాటైన వాసన విడుచును. కరివేప నిమ్మ కుటుంబమునకు చెందినదని పుస్తకము చదువకయే ఆ సీతాకోకచిలుక యెఱుగును. రెండు రెబ్బలు తక్కువైన పులుసు చెడదు, దానిని తిననిండు.

ఈ దినములలోనే తొండకు రంగు వచ్చును. మగతొండ తల, మెడ ఎఱ్ఱబడును. గొంతుకు ఇరుప్రక్కల నల్లమచ్చ తేలును. అది కంచెపై నెక్కి ముంగాళ్ళపై పైకి క్రిందికి ఊగుచు, ఆడుదానిని పిలుచుచు, తక్కిన మగవానిని బెదరించుచుండును. దూరమునుండియే అది మన నెత్తురు పీల్చుచున్నదని నమ్మి కొందఱు బాలురు రాళ్ళు రువ్వుదురు. మన బడి ప్రహరి కడ కూడ అట్లు చచ్చిన తొండను నేను చూచితిని. తొండకు విషము లేదు, నెత్తురుతో పని లేదు. చీమలు, మిడుతలు, గొంగళిపురుగులు దాని యాహారము. ఆ యెఱుపు పెండ్లికొడుకు తలపాగావంటిది, అంతే.

భరణి కార్తెలో ఒక పెద్దజల్లు పడిన సాయంకాలము పెరటిలో నుండవలెను. నేల రంధ్రములనుండి ఉసిళ్ళు వెల్లువగా లేచును. అవి ఱెక్కలు వచ్చిన చెదలు. కొంచెము ఎగిరి, ఱెక్కలు రాల్చి, జతగూడి, క్రొత్త పుట్టకు చోటు వెదకుకొనును. వేలలో ఏ కొన్నియో మాత్రమే మిగులును. కాకి, గోరువంక, బల్లి, తొండ తక్కిన వానికై కాచుకొని యుండును. ఉసిళ్ళను వేయించి బొరుగులతో కలిపి తినువారును మన పల్లెలలో కలరు.

మఱునాడు మన్ను మెత్తబడి యుండగా ఆడుతొండ పనికి దిగును. ముంగాళ్ళతో గుంత త్రవ్వి, పదింటికి పైగా మెత్తని పెంకుగల తెల్లని గ్రుడ్లు పెట్టి, మన్ను కప్పి, అణచి, పోవును. మరల రాదు. వానిని పొదుగు పని నేలవెచ్చదనమునదే. ఆరేడు వారములు పట్టును. నిరుడు మే నెల తొలివారమున మా పెరటిలో, అరటి ప్రక్కన, నేను ఇది చూచితిని. పనిమనిషి పొరపాటున అచ్చట గడ్డపాఱ వేయకుండ గుంత చుట్టు మూడు రాళ్ళు పెట్టితిని. జూనులో బడి తెఱచిరి; నేనును ఆ సంగతి ఇంచుమించు మఱచితిని. ఆ నెల చివర ఒక ఉదయము రాళ్ళ నడుమ మన్ను చిన్నగా కదలెను. చిటికెనవ్రేలంత పిల్ల యొకటి వెలికి వచ్చి, తల యెత్తి నావంక చూచి, ప్రక్కనున్న యెండుటాకుల క్రిందికి దూరిపోయెను.