నైట్ డ్యూటీలు, ఇంటి బెంగ... తట్టుకునేదెలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. హైదరాబాద్‌లో హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. నైట్ డ్యూటీలతో నిద్ర, తిండి సరిగా ఉండటం లేదు. ఇల్లు గుర్తొస్తే ఏడుపొస్తోంది. ఏం చేయాలి?
– ఓ సోదరి

జవాబు: ఇది మీ బలహీనత కాదు. నిద్రలేమికి ఒంటరితనం తోడైతే ఎవరికైనా ఇలాగే ఉంటుంది. డ్యూటీ చివరి గంటల్లో కాఫీ, టీ మానేయండి. గదికి రాగానే కిటికీలకు కర్టెన్లు వేసుకుని నిద్రపోండి. వార్డుకు ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. అమ్మానాన్నలతో రోజూ కాసేపు మాట్లాడండి. అలసటలో రోగికి వాడిన సూది గుచ్చుకుంటే దాచకండి. వెంటనే సబ్బునీటితో కడిగి, పై డాక్టర్‌కు చెప్పండి. అవసరమైతే హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. దిగులు రెండు వారాలైనా తగ్గకపోతే సైకియాట్రిస్టును కలవండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. రోగులకు చెప్పే జాగ్రత్తలు మీరూ పాటించండి.