హంపికి ముందే టైర్లు మార్చు

బుచ్చిరెడ్డిపాలెం

మేనల్లుడికి,

మైపాడులో పిల్లలు సముద్రం వదిలి రావడం లేదని మీ అత్తయ్య చెప్పింది. సంతోషం. మొన్న మన ఇంటి ముందు బండి ఆపినప్పుడు చక్రాలన్నీ చూశాను. “టైర్ల బటన్ ఇంకా ఉంది కదా మామయ్యా, హంపి వెళ్లొచ్చాక మారుద్దాం” అన్నావు. పిల్లల ముందు వాదించడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని మీ బావ చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నా. వెళ్లొచ్చాక కాదు నాయనా, నెల్లూరులో మార్చుకున్నాకే బయల్దేరు.

మద్రాసుకు బియ్యం లారీ తోలినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. రోజూ తిరిగే లారీ టైరు అరిగి పోతుంది. ఇల్లులా మార్చుకున్న నీ టెంపో ట్రావెలర్ నెలల తరబడి ఎండలో ఒకేచోట నిలబడి ఉంటుంది. దాని టైరు అరక్కముందే ముసలిదైపోతుంది. వెనక బయటి టైరు పక్కన 3118 అని ఉంది చూడు. 2018లో 31వ వారం తయారీ అని అర్థం. రిమ్ము దగ్గర బొటనవేలితో నొక్కితే సన్నటి పగుళ్లు నోళ్లు తెరుస్తాయి. చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్ల బటన్. ఆ లెక్కన నీ టైరు పాసే. ఈ పగుళ్లు ఆ లెక్కలోకి రావు.

బరువు సంగతీ చూడు. 100 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 100 కిలోలు. ఆపైన మంచాలు, ఫ్రిజ్, బ్యాటరీలు, మనుషులు. అన్నీ ఎక్కించుకుని వేబ్రిడ్జి మీద తూకం వేయించి, ఆ బరువు మోసే టైరే అడుగు. సైజు సరిపోయిందని తేలిక రకం వేయించుకోకు. వెనక జంట చక్రాల్లో కొత్తదాని పక్కన పాతది బిగించనివ్వకు. ఎత్తుగా ఉన్న కొత్తదాని మీదే భారమంతా పడి అది వేడెక్కుతుంది. ఆరూ ఒకే వయసువి కాబట్టి ఆరూ మార్చు. వాల్వులు కూడా కొత్తవి వేయించు. స్టెప్నీ తయారీ తేదీ కూడా చూడు.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకో. గాలి తగ్గితే టైరు పక్కలు నలిగి నలిగి వేడెక్కుతాయి, ఎండ తోడైతే పేలతాయి. మధ్యాహ్నం మీటరు ఎక్కువ చూపించిందని గాలి తీసేయకు. ఒకవేళ దారిలో పేలితే బ్రేకు మీద కాలు వేయకు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మెల్లగా వదిలి పక్కకు తీసుకో.

కొత్త టైర్లతో ఆత్మకూరు చేరాక ఆగి నట్లు మళ్లీ బిగించు. బద్వేలు, మైదుకూరు దాటి ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి నేల. వాన పడితే జాకీ దిగబడిపోతుంది, దాని కింద పెట్టడానికి ఒక మందపాటి చెక్క ఉంచుకో.

డబ్బుకు ఇబ్బందైతే నన్నడుగు, మొహమాటపడకు. నన్ను అడగడం ఇష్టం లేకపోతే ఈసారికి హంపి మానుకో. ఆ బండిలో వెనక సీట్లో కూర్చునేది నా చెల్లెలు, మన పిల్లలు. టైర్లు వేయించి, వాటి తయారీ నంబర్లు ఫొటో తీసి నాకు పంపాకే నెల్లూరు నుంచి కదులు.

ఇట్లు
మీ మామయ్య