వేరుసెనగకు జిప్సము ఎప్పుడు వేయవలెను?

బుక్కపట్నము చెరువు క్రింద వరి నాటు రైతునకు ఈ ప్రశ్న తఱచుగా రాదు. ఎఱ్ఱ గరపనేలలో వానను నమ్ముకొని వేరుసెనగ విత్తు రైతునకు మాత్రము ఏటేట వచ్చును. సంఘమునుండి అప్పు తీసికొని జిప్సము కొనవలెనా, మానవలెనా? పొరుగువాడు వేసినాడని తానును వేయువారు కొందఱు. ఆకు పచ్చగా నున్నది గదా యని మానువారు మఱికొందఱు. ఈ రెండు పద్ధతులను మేము మెచ్చము. ముఖ్యముగా ఆకును చూచి నిర్ణయించుట వేరుసెనగ విషయమున పొరపాటు. కారణము వినుడు.

కాయ గట్టిపడుటకు, గింజ నిండుటకు కాల్షియము కావలెను. ఇది సున్నములోని సారము. వేరు పీల్చిన కాల్షియము నీటితో కలిసి ఆకులకు ఎక్కును గాని, ఆకునుండి మరల క్రిందికి దిగి కాయను చేరదు. కాయ మట్టిలో నుండుటచే దాని నుండి నీరు ఆవిరి కాదు. ఆవిరి లేనిచోటికి వేరునీరు అంతగా పోదు. కావున ఊడయు, లేతకాయయు తమ చుట్టునున్న మట్టినుండియే కాల్షియమును స్వయముగా పీల్చుకొనవలెను. 1949లో అమెరికాలోని ఫ్లారిడాలో శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక కాల్షియమును ఉపయోగించి, కాయ నేరుగా మట్టినుండి దానిని గ్రహించుటను నిరూపించిరి. చెట్టు నవనవలాడుచుండగా క్రింద కాయలు తాలుగా పోవుట ఇందువలననే.

సముద్రములోని పగడపు జీవియు ఇట్లే తన చుట్టునున్న నీటినుండి కాల్షియమును తీసికొని గూడు కట్టుకొనును. గాజుతొట్లలో పగడములను పెంచువారు నేర్పరులైనచో మందు సీసా ముందుగా ముట్టరు. నీటిని పరీక్షించి, నాలుగు దినములు ఆగి మరల పరీక్షించి, ఎంత తగ్గినదో చూతురు. నీరు మార్చుటతోనే లోటు తీరుచున్నచో ఏమియు కలుపరు. వినోదమునకు పెంచువారే అంత కొలత పాటించుచుండగా, అప్పుతో సేద్యము చేయు మనము కొలువక వేయుట తగునా?

మొదట పోయిన పంట కాయలను పరీక్షింపుడు. ఎండిన కాయలు నూఱు లెక్కపెట్టి ఒలిచి, తాలుకాయలెన్నియో వేరు చేయుడు. నిండిన గింజను రెండు బద్దలుగా విడదీసి మొలకను చూడుడు. మొలక నల్లబడియున్నచో కాల్షియపు లోటని అనుమానింపవచ్చును. బద్దల లోపలి ముఖమున గుంటపడి గోధుమరంగు తిరిగినచో అది బోరాను లోపము. దానికి ఎన్ని బస్తాల జిప్సము పోసినను ఫలము లేదు. మఱియొక సంగతి. ఊడలు దిగిన పిమ్మట వానలు ముఖము చాటువేసిన యేట, కాల్షియము సమృద్ధిగా నున్న నేలలోను తాలు పడును. తడి లేనిదే కాల్షియము కాయను చేరదు గదా! కరవు సంవత్సరపు తాలును చూచి జిప్సము బాకీ నెత్తికెత్తుకొనవలదు. వాన సరిగా పడిన యేటి కాయయే నిజమైన సాక్షి.

తరువాత మట్టి పరీక్ష. మామూలుగా ఆరంగుళముల లోతు మట్టి తీయుదురు. కాయలు పెరుగునది పై రెండు మూడంగుళములలోనే కనుక ఆ పొరను వేఱుగా తీసి పంపుట మంచిది. చేనిలో పది పండ్రెండు చోట్ల తీసి కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో పంపిన చాలును. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయమువారు ఆ పొరలో ఎకరమునకు 500 పౌనుల కాల్షియము ఉండవలెననియు, అది పొటాషియమునకు మూడురెట్లకు తగ్గరాదనియు చెప్పి, ఏది లోపించినను జిప్సము వేయుమందురు. ఆ అంకె వారి పరీక్షాద్రావకమునకు చెందినది. మన నేలకు అట్లే అంటగట్టరాదు. కాని పొటాషియము మాట గుర్తుంచుకొనదగినది. కాయపొరలో పొటాషు ఎక్కువైనచో కాల్షియమునకు అడ్డు తగులును. పొటాషు ఎరువును ఊడలు దిగు వేళ పైపాటుగా చల్లక, విత్తుటకు ముందే వేసి దున్నవలెను.

సూపరుఫాస్ఫేటు వేసినవారు అందులో సుమారు ఐదవ వంతు కాల్షియము, పదింట ఒక వంతుకు మించి గంధకము కూడ వేసినట్లే. డి.ఏ.పి. వేసినవారికి ఈ రెండును లేవు. బావినీటితో పండించువారు నీటిని కూడ పరీక్ష చేయింపవలెను. లీటరు నీటిలో 40 మిల్లీగ్రాముల కాల్షియమున్నదనుకొందము. పంటకాలములో 40 సెంటీమీటర్ల లోతు నీరు పెట్టినచో ఎకరమునకు సుమారు 65 కిలోల కాల్షియము నేలకు చేరును. ఎకరమునకు వేయుమను 200 కిలోల జిప్సములో, అది శుద్ధమైనదే యైనను, ఉండునది సుమారు 46 కిలోలే! అయితే కుండకు తెల్లగా పేరుకట్టు నీటిలోని కాల్షియము కొంత మట్టిలోను అట్లే సున్నపురాయిగా గట్టిపడి కాయకు అందకపోవచ్చును. అందుచే నీటి లెక్క ఒక్కటే చూచి నిర్ణయింపరాదు. పెద్దగింజ రకములకు చిన్నగింజ గుత్తిరకములకంటె ఈ లోటు త్వరగా తగులును.

లోటు కలదని తేలినచో 200 కిలోలను విత్తిన 30 మొదలు 45 దినముల నడుమ, కలుపు తీయునప్పుడు, మొక్కల మొదళ్ళ వెంట చల్లి మట్టి ఎగదోయవలెను. నేలలో తడి యుండవలెను. జిప్సము లీటరు నీటిలో రెండు గ్రాములకు కొంచెము మించి మాత్రమే కరగును. అనగా 200 కిలోలు పూర్తిగా కరగుటకు ఎకరముమీద సుమారు 20 మిల్లీమీటర్ల వాన కావలెను. 45 దినములు దాటిన పిమ్మట గుంటక త్రోలరాదు, ఊడలు తెగును.

ఇంకను సందేహమున్నచో చేనిలోనే తీర్పు కలదు. అడుగు ఎడముతో విత్తిన సాళ్ళు పదింటికి జిప్సము వేసి, ప్రక్క పదింటిని విడిచిపెట్టుడు. రెండింట పది మీటర్ల పొడవున కాయ కోసి, ఎండబెట్టి, వేఱువేఱుగా తూచుడు. తేడా 300 గ్రాములైనచో ఎకరమునకు సుమారు 40 కిలోల కాయ అధికమన్నమాట. ఆ 40 కిలోల వెలను జిప్సము ఖరీదు, బండిబాడుగ, కూలి, అప్పుమీది వడ్డీ కలిపిన మొత్తముతో పోల్చుడు. వెల తక్కువైనచో ఆ చేనికి వచ్చే యేడు జిప్సము పేర అప్పు వ్రాయించుకొన నక్కఱలేదు. ఎక్కువైనచో ఆ తూనికలను కాగితముమీద వ్రాసి సంఘమునకు తెండు. ప్రక్క చేలవారికి కూడ అవి పనికివచ్చును.