పానకం పందిరి కింద ప్లానింగ్ పాఠం



శ్రీరామనవమికి మీ కాలనీలో పందిరి వేస్తున్నారా? ఈసారి కమిటీలో పిల్లలకూ చోటివ్వండి.

మీటింగులో అందరూ "చేద్దాం" అంటారు. తీరా పండగ ఉదయం మంచినీళ్ల క్యాన్లు ఎవరు తెప్పించాలో ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి పని పక్కన ఒక్కరి పేరు, ఆ పక్కన తేదీ ఉండాలి. ఆ పట్టిక పిల్లలతోనే రాయించండి.

లెక్కలూ వాళ్లకే వదలండి. 200 మందికి తలా 150 మి.లీ. పానకం అంటే 30 లీటర్లు. ముందు ఇంట్లో ఒక లీటరు కలిపి రుచి చూడమనండి. బెల్లం, మిరియాలు, యాలకులు ఎంత పట్టాయో తూచి రాసుకుని, 30తో గుణిస్తే సరుకుల చీటీ సిద్ధం. వడపప్పుకు పెసరపప్పు ఎప్పుడు నానబెట్టాలో కూడా అందులో రాయాలి.

కల్యాణం సాధారణంగా మిట్టమధ్యాహ్నమే. కాబట్టి పెద్దవాళ్లకు నీడలో కుర్చీలు, అందుబాటులో తాగునీరు మొదటి పనులు.

పిల్లలు ఏదైనా మరిచిపోతే గబుక్కున మీరు చేసేయకండి. ముందు రోజు సాయంత్రం "పట్టిక ఒకసారి చూసుకో నాన్నా" అంటే చాలు. పండగ మర్నాడు చందాలెంత, ఖర్చెంత, మిగిలిందెంత అన్నది నోటీసు బోర్డులో వాళ్ల చేతే రాయించండి. నలుగురి డబ్బుకు లెక్క చెప్పడం చిన్నప్పుడే అలవాటు కావాలి.